నీళ్ళ కింది ఊరి ఫోటోలు

అనగనగా కృష్ణ ఒడ్డున చింతలగట్టు అని ఒక ఊరుండేదమ్మా. ఇప్పుడూ ఉంది, కానీ నీళ్ళ కింద ఉంది. ఆనకట్ట కట్టారు, ఊరు మునిగింది, జనం తలో దిక్కూ పోయారు.

ఆ ఊళ్ళో దస్తగిరి అని ఒక ఫోటోలాయన ఉండేవాడు. ఊరు మునిగే ముందు ఆయన ఇంటింటికీ వెళ్ళి, ఇంటివాళ్ళని గడపలో నిలబెట్టి ఫోటోలు తీశాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఆయన కూతురు మాబున్ని ఆ ఫోటోలన్నీ ఇంటర్నెట్లో పెట్టింది. ఎక్కడెక్కడి ఊరోళ్ళూ ఫోన్లలో చూసుకుని "మా ఇల్లే, మా అరుగే" అని మురిసిపోయారు. కొందరు ఏడ్చారు కూడా. ఏడవరూ మరి!

అప్పుడొక మాయదారి సబ్బుల వ్యాపారి కన్ను వాటి మీద పడింది. మాట మాత్రం అడక్కుండా, ఆ ఊరి సుంకమ్మ వాళ్ళమ్మ ఫోటో ఎత్తుకుని సబ్బు క్యాలెండరు మీద అచ్చేశాడు. సుంకమ్మ చిన్నప్పుడే ఆ తల్లి పోయింది. మిగిలింది ఆ ఒక్క ఫోటోనే. టీకొట్లో క్యాలెండరు చూసి సుంకమ్మ నేరుగా మాబున్ని దగ్గరికొచ్చింది.

"మా యమ్మను బజార్లో నిలబెట్టినారు పాపా" అంది.

మాబున్నికి తల కొట్టేసినట్టయింది. పెట్టింది తనే కదా.

అప్పుడు ప్రతి ఫోటో మూలనా నాన్న పేరు వేసింది. దిష్టిచుక్క పెట్టేశాను, ఇంక భయం లేదనుకుంది. వాడేమన్నా తక్కువ తిన్నాడా! మూల కత్తిరించేసి ఇంకో ఇంటివాళ్ళ ఫోటో అచ్చేశాడు.

ఆ తర్వాత, ఉండు నీ పని చెప్తానని, ప్రతి ఫోటో మీదా ఈ చివర్నుంచి ఆ చివరికి పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాసేసింది. వాడి ఆట కట్టింది. కానీ సుంకమ్మ ఫోన్ చేసింది.

"పేరు బాగుంది పాపా. మా యమ్మ మొగం యాడుంది?"

మాబున్ని కోపంలో దొంగని చూసుకుంది గానీ, తల్లి మొహం వెతుక్కునే బిడ్డని చూసుకోలేదు.

అప్పుడు నిదానంగా ఆలోచించి, పెద్ద ఫోటోలన్నీ తీసేసింది. పేర్లు చెరిపి, బుల్లి బుల్లి ఫోటోలు పెట్టింది. ఫోన్లో చూస్తే మొహం తెలుస్తుంది, సాగదీస్తే అలికేసినట్టవుతుంది. "పెద్దది కావాలంటే ఆ ఇంటివాళ్ళే రండి, చేతికిస్తాను" అని కింద రాసింది.

వ్యాపారి ఆశ చావక అందులో ఒకటి లాగి మూడో క్యాలెండరు వేశాడు. మనిషేదో మానేదో తెలియలేదు! ఊరోళ్ళంతా కలిసి వెళ్ళి దులిపేస్తే పాత క్యాలెండర్లు కూడా వాడే దింపుకున్నాడు.

ఆ తర్వాత సుంకమ్మ మొదటి బస్సుకే వచ్చింది. మాబున్ని పెద్ద ఫోటో తెచ్చి చేతిలో పెట్టింది. తల నెరిసిన సుంకమ్మ, పాతికేళ్ళ వాళ్ళమ్మ బుగ్గని చాలాసేపు నిమిరింది.

"ఓయమ్మా, ఇంత చిన్నపిల్లవా నువ్వు!" అంది. అని, ఫోటోని ఒళ్ళో పడుకోబెట్టుకుని జో కొట్టింది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి.