మూడో డబ్బా కూడా మండింది

"ఏ చర్మానికి కళ్ళకింద ఏ క్రీము పడుతుందో ఒక్కమాటలో చెప్పండి టీచర్, పుస్తకంలో రాసుకుంటాను" అని హిమబిందు జోసఫీనమ్మ గారిని అడిగింది. అడగడం అదేం మొదటిసారి కాదు. రెండేళ్ళుగా ఆవిడ బ్యూటీ పార్లర్‌లో పని నేర్చుకుంటున్న పిల్ల. ఎప్పుడడిగినా వచ్చే జవాబు మాత్రం ఒక్కటే: "ముందు ఆ వచ్చినావిడ చేత ముఖం కడిగించి కూర్చోబెట్టు."

గుంటూరులో జోసఫీనమ్మ గారి పద్ధతి తెలియని ఆడవాళ్ళు తక్కువ. కళ్ళకింద నలుపని రానీండి, ముడతలని రానీండి, మంచినీళ్ళతో ముఖం కడిగించి, ఏమీ రాయకుండా అరగంట ఫ్యాను కింద కూర్చోబెడతారు. ఆ అరగంటలో చర్మం తన గుట్టు తనే బయటపెట్టుకుంటుందట. బిగుసుకుపోయి చిరచిరలాడిందా, పొడి చర్మం. ముక్కు పక్కన నూనె తేలిందా, జిడ్డు చర్మం. ఆ తర్వాత క్రీము ఎంత మంచిదైనా సరే, ముందు చెవి వెనక చుక్క పెట్టి ఒక రోజంతా ఆగాలి. కంటికింద చర్మం ఉల్లిపొర లాంటిది, దానికి వాసనలూ ఘాట్లూ పనికిరావు అంటారు. ఇన్ని చెప్పే మనిషి డబ్బా పేరు మాత్రం చెప్పరు. హిమబిందుకు కావలసిందల్లా ఆ పేరే.

ఆ పిల్ల తొందరకు కారణం లేకపోలేదు. గురువారం నాడు సొంత పార్లర్ తెరవబోతోంది. బోర్డు రాయించి గోడకు కొట్టించేసింది కూడా. ఇక వచ్చేవాళ్ళంటారా, అదంతా కోటేశ్వరమ్మ నోట్లో ఉంది. మిరపకాయల గోదాములో ముచ్చికలు తీసే నలభైమంది ఆడవాళ్ళకు ఆవిడ మేస్త్రి. ఆవిడ బాగుందంటే నలభైమందీ వస్తారు, బాగాలేదంటే ఆ వీధి ముఖమే చూడరు. "నా కళ్ళకింద నలుపు తగ్గించు పాపా, మావాళ్ళందర్నీ నేనే తోలుకొస్తా" అని మాటిచ్చింది.

హిమబిందు కూడా నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. ఇంకా సున్నం వాసన పోని ఆ కొత్త గదిలోనే కోటేశ్వరమ్మ చేత ముఖం కడిగించింది, అరగంట ఆగింది, పొడి చర్మమని తేల్చుకుంది. వాసన లేని చిక్కటి క్రీము ఎంచి చెవి వెనక చుక్క పెట్టింది. మర్నాటికి ఏమీ కాలేదు. అప్పుడు తన ఉంగరం వేలితో కంటికింద ఎముక వెంబడి మెల్లగా అద్దింది. "వెన్న రాసినట్టుంది పాపా" అని కోటేశ్వరమ్మ డబ్బా పట్టుకుని ఇంటికెళ్ళింది.

మర్నాడు ఎర్రటి కళ్ళతో వచ్చింది. ఇంట్లో రాసుకుంటే ఒకటే మంటట. "మా ఆయన విసనకర్ర పట్టుకుని విసిరీ విసిరీ చెయ్యి పడిపోయిందన్నాడు" అంది.

హిమబిందు క్రీము మార్చింది. ఈసారి పల్చగా జెల్లులా ఉండేది. తను రాస్తే చల్లగా ఉంది, కోటేశ్వరమ్మ ఇంటికెళ్ళి రాసుకుంటే మండింది. ఆపైన పసిపిల్లలకు వాడేది తెచ్చింది. అదీ అంతే. అదే డబ్బా, అదే ముఖం. ఇక్కడ వెన్న, అక్కడ నిప్పు. ఇదేం వింత అని ఆ పిల్ల అన్నం కూడా సరిగ్గా తినకుండా ఆలోచించింది. దిండు గలీబు మార్పించింది, పౌడరు మాన్పించింది, చివరికి ఇంట్లో నీళ్ళ మీద అనుమానపడింది.

"నీళ్ళేం చేశాయి పాపా, నీ పంపులోవీ నా పంపులోవీ ఒక్క ట్యాంకువేగా" అంది కోటేశ్వరమ్మ. "చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని మరీ రాసుకుంటున్నా. మొదట వట్టి నలుపే ఉండేది. ఇప్పుడు ఎరుపు కూడా కలిసింది. ఎవరు కొట్టారే అని మావాళ్ళు అడుగుతున్నారు."

బుధవారం మధ్యాహ్నం హిమబిందు ఆవిణ్ణి వెంటబెట్టుకుని, మూడు డబ్బాలూ సంచిలో వేసుకుని, జోసఫీనమ్మ గారి దగ్గరికి వెళ్ళింది. "రేపే తెరవాలి టీచర్. ఈవిడకు ఏ క్రీము పడుతుందో మీరే చెప్పండి. లేకపోతే బోర్డు దింపేస్తాను" అంది.

జోసఫీనమ్మ గారు కోటేశ్వరమ్మ చేత ముఖం కడిగించి కూర్చోబెట్టారు. ఎవరొచ్చినా అంతేగా మరి. పది నిమిషాలకు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కోటేశ్వరమ్మ నుదుటి మీద చెమట బొట్టు కట్టి కంటి మీదికి జారింది. ఆవిడ భుజం పైకెత్తి, జాకెట్టు చేతికి ముఖం రుద్దుకుంది. జోసఫీనమ్మ గారు చూశారు. ఇంకో బొట్టు జారింది. మళ్ళీ భుజమే లేచింది.

"చేతులు ఖాళీగానే ఉన్నాయిగా కోటమ్మా, భుజంతో తుడుచుకుంటావేం?"

"అలవాటు టీచరమ్మా. మిరపకాయల్లో పనిచేసేవాళ్ళం, వేలు కంటిదాకా పోనివ్వం. ముఖం కడిగినా నీళ్ళు చిమ్ముకోవడమే. క్రీము రాసేటప్పుడంటే కడుక్కుంటాననుకోండి."

జోసఫీనమ్మ గారు హిమబిందును పిలిచి పక్క కుర్చీలో కూర్చోమన్నారు. "కోటమ్మా, నీ ఉంగరం వేలితో ఈ పిల్ల కంటికింద మెల్లగా నిమురు. క్రీమేమీ వద్దు, వట్టి వేలు చాలు" అన్నారు.

కోటేశ్వరమ్మ చేతులు ఇంకోసారి సబ్బుతో కడుక్కొచ్చి, కూతురికి కాటుక దిద్దినంత సుతారంగా నిమిరింది. మొదట ఏమీ లేదు. హిమబిందు అయోమయంగా టీచర్ వంక చూస్తూ కూర్చుంది. తర్వాత చీమలు పాకినట్టయింది. ఆ తర్వాత బుగ్గంతా భగ్గుమంది, కంట్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి.

జోసఫీనమ్మ గారు కొబ్బరినూనెలో ముంచిన దూది అందిస్తూ, "ఇది ఏ కంపెనీ క్రీము బిందూ?" అని అడిగారు.

కోటేశ్వరమ్మ తన వేళ్ళను తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరివో చూస్తున్నట్టు. "ఇరవయ్యేళ్ళుగా వీటితోనే అన్నం తింటున్నాను, నాకే తెలియలేదు చూడు" అంది. మిరప ఘాటు సబ్బుకు వదలదు, నూనెకే వదులుతుందంటూ జోసఫీనమ్మ గారు ఆవిడ దోసిట్లో కొబ్బరినూనె పోసి, గోళ్ళ సందుల దాకా రుద్దించి, గుడ్డతో తుడిపించి, శనగపిండితో కడిగించారు. అలా మూడుసార్లు. అప్పుడు సంచిలోంచి మొట్టమొదటి డబ్బా తీయించారు. కోటేశ్వరమ్మ భయం భయంగా తన వేలితోనే అద్దుకుంది. ముగ్గురూ కాచుకు కూర్చున్నారు. కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది. మంట మాత్రం రాలేదు.

"రేపు ఎన్నింటికి తెరుస్తావు పాపా?" అంది కోటేశ్వరమ్మ.

హిమబిందుకు సంతోషంతో పాటు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. ఒక కన్ను ఇంకా కారుతూనే ఉంది. "అంటే నేను మొదట ఎంచిందే సరైనదన్నమాట. రెండు వారాలుగా మిమ్మల్ని అడుగుతూనే ఉన్నాను కదా టీచర్, అప్పుడే చెప్పి ఉండొచ్చుగా."

జోసఫీనమ్మ గారు తడి తువ్వాలు దులిపి తీగ మీద ఆరేస్తూ అన్నారు.

"అడిగినప్పుడల్లా నువ్వు క్రీము పేరే అడిగావమ్మా."