పెద్దయ్యగారి దాహం

మఠమంతా జలదీక్షలో ఉన్నప్పుడు కూడా నాంచారమ్మగారు పొద్దున్నే గ్లాసునిండా చిక్కటి కాఫీ తాగేవారు. తలుపు వేసుకుని కాదు, వరండాలో కూర్చుని, నలుగురూ చూస్తుండగానే. గురుపీఠం మీద కూర్చున్న మనిషి ఇలా చేయడం శేషారత్నానికి పంటికింద రాయిలా ఉండేది. దీక్షలో ఉన్నవాళ్ళకి నీళ్ళు పోసే పని ఆమెది. యాభై దాటిన మనిషి. నియమం తప్పడమంటే ఆమెకి ప్రాణం మీదకొచ్చినట్టే.

ఆ రోజు ఇక ఉండబట్టలేకపోయింది.

"అమ్మగారూ, అడక్కూడదు గానీ..."

"అడక్కూడదంటూనే అడుగుతావు. కానీ."

"మాకు నీళ్ళూ, మీకు కాఫీనా? సరే, అది మీ ఇష్టం. ఆమధ్య మీరిచ్చారని రెండు గుక్కలు తాగితే గుండె దడదడలాడి ఆ పూటకి పోయాననుకున్నాను. మీరేమో గ్లాసెడూ తాగి హాయిగా కునుకు తీస్తారు. అవే పాలు, అదే పొడి. ఒకళ్ళకి ఒకలాగా, ఇంకొకళ్ళకి ఇంకోలాగా ఎందుకు చేస్తుందండీ? మీ మనసుకున్న నిలకడ నాకు లేదా?"

"నిలకడా!" నాంచారమ్మగారు నవ్వారు. "ఒక్కపూట మానేస్తే తల పగిలిపోయి గోడకేసి కొట్టుకుంటాను. దీన్ని నిలకడంటే నీ దడే నయం, రత్నం."

స్తంభం పక్కన కూర్చున్న కోటేశ్వరి కిసుక్కున నవ్వి, వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, బక్కపలచన. పెళ్ళై నాలుగేళ్ళైనా కడుపు పండలేదని, దీక్ష చేస్తే లోపలి మలినమంతా పోతుందని అత్తగారు తెచ్చి దిగవిడిచి వెళ్ళింది. కొడుకు లోపల మలినం సంగతి ఆవిడకి తట్టలేదు.

"మరి జవాబో?" అంది శేషారత్నం.

"టౌన్లో మీటింగుంది. వచ్చాక చూద్దాం," అని నాంచారమ్మగారు మీరావలి ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

జలదీక్ష పద్ధతి మఠం పెట్టిన పెద్దయ్యగారి నాటిది. ఆయన ఆరడుగుల మనిషి. సన్యాసానికి ముందు బావులు తవ్వేవాడు. పల్నాటి ఎండలో రాళ్ళు పగలగొట్టి, ఒళ్ళంతా చెమటలు కారుతుంటే దూడ తలంత రాగిచెంబు ఎత్తి గటగటా తాగేవాడు. ఆయన పోయాక చెంబు మిగిలింది. గంట కొట్టినప్పుడల్లా దీక్షలో ఉన్నవాళ్ళు ఆ చెంబుతో, ఆయన తాగినంతా తాగాలన్నది ఆచారమైంది. ఆహారం ఉప్పు తగలని పళ్ళరసం, అదీ ఒక్కపూటే. నీడపట్టున కూర్చుని జపం చేసుకునే ఆడవాళ్ళు ఒక బావులు తవ్వే మగాడి దాహాన్ని తాగుతూ ఉండేవాళ్ళు. తాగలేనిదాన్ని భక్తి చాలనిది అనేవాళ్ళు. నాంచారమ్మగారు తాను తాగేవారు కాదు. ఇంకొకళ్ళని వద్దనేవారూ కాదు.

గంట రెండోసారి మోగిన కాసేపటికి కోటేశ్వరి తల పట్టుకుంది.

"పెద్దమ్మా, తల బద్దలైపోతంది."

శేషారత్నం బెదరలేదు. ఇది ఆమెకి తెలిసిన నొప్పే. దీక్షకొచ్చిన ప్రతివాళ్ళకీ మొదట్లో వచ్చేదే. "కాఫీ మానేసిన తలనొప్పే తల్లీ. అలవాటు ఊరికే వదుల్తుందా? ఇంకో చెంబు తాగు, అదే దిగుతుంది."

పిల్ల తాగింది. సగంలో ఆగి, "కడుపులో పట్టడంలేదు" అంది. "మధ్యలో ఆపితే దీక్ష చెడుతుంది," అన్నారు పక్కనున్నవాళ్ళు. దీక్ష చెడగొట్టుకుని వస్తే గడప తొక్కనివ్వనని అత్తగారు చెప్పి వెళ్ళిన మాట కోటేశ్వరికి గుర్తొచ్చినట్టుంది. కళ్ళు మూసుకుని మిగతాదీ తాగేసింది. ఆ వెంటనే భళ్ళున కక్కుకుంది.

"మంచిదే, మలినం పోతోంది," అంది శేషారత్నం. పోయిన నీళ్ళకి బదులు మళ్ళీ నింపింది.

మధ్యాహ్నానికి పడుకుండిపోయిన పిల్ల మాట ముద్దముద్దగా వస్తోంది. వేళ్ళు ఉబ్బి ఉంగరం చర్మంలోకి దిగింది. శేషారత్నానికి లోపల ఎక్కడో చిన్న భయం కదిలింది. దాన్ని అణచుకోవడానికే అడిగింది.

"ఇంట్లో ఎన్నిసార్లు తాగేదానివే కాఫీ? మరీ ఎక్కువసార్లా?"

కోటేశ్వరి ఆమెకేసి వింతగా చూసింది.

"కాఫీనా? మా ఇంట్లో ఆడోళ్ళకి పొయ్యరు పెద్దమ్మా. మా ఆయనకీ మామకీ కలిపిస్తా. వాసన చూడ్డమే."

శేషారత్నం చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. ఎన్నడూ తాగనిదానికి మానేసిన నొప్పేమిటి? మరి ఇది ఏ నొప్పి? పొద్దుటినుంచి దేనికి మందనుకుని తను ఈ నీళ్ళు పోస్తోంది?

ఆమె నోరు తెరిచేలోపే పిల్ల లేచి కూర్చుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అందులో మనిషి లేదు. రెండు చేతులూ దోసిలిపట్టి, ఖాళీ దోసిలిని నోటికి ఎత్తుకుంటోంది. గుటక వేస్తోంది. మళ్ళీ ఎత్తుకుంటోంది.

"తాగుతున్నా అత్తా, తాగుతున్నా. అరవబాక. మొత్తం తాగుతా."

"నేనే కోటేశ్వరీ, రత్నం పెద్దమ్మని," అని భుజాలు పట్టి ఊపింది శేషారత్నం. పిల్ల ఆమెని గుర్తుపట్టలేదు. గాలిని తాగుతూనే ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో "పూనకం" అన్నారు ఒకళ్ళు, "గాలి సోకింది" అన్నారు ఇంకొకళ్ళు. "తీర్థం పొయ్యండి, తీర్థం పొయ్యండి," అంటూ ఎవరో పరుగెత్తి ఇంకో చెంబు నింపుకొచ్చారు.

ఆటో వచ్చి ఆగింది అప్పుడే. నాంచారమ్మగారు దిగీ దిగడంతోనే పిల్లని చూశారు. ఆ వచ్చే చెంబుని ఒక్క తోపు తోశారు. రాగి నేల మీద దొర్లి వెళ్ళింది.

"ఒక్క చుక్క పోశారంటే చేతులు విరిచేస్తాను. మీరావలీ, బండి తిప్పు!"

దారిలో కోటేశ్వరికి ఫిట్స్ వచ్చాయి. శేషారత్నం ఒళ్ళో ఆ చిన్న ఒళ్ళు కట్టెలా బిగుసుకుని కొట్టుకుంది. "పక్కకి తిప్పి పట్టుకో!" అని నాంచారమ్మగారు అరుస్తున్నారు. మీరావలి అల్లాని తలుచుకుంటూ నడుపుతున్నాడు. శేషారత్నానికి ఒక్క దేవుడి పేరూ నోటికి రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి ప్రశ్నలు వేసింది.

"ఎన్ని నీళ్ళు తాగింది?"

"అందరూ తాగినన్నేనండి."

"అందరి సంగతి కాదు. ఈ అమ్మాయి బరువెంత? ఉప్పు తిని ఎన్నాళ్ళయింది? మూత్రానికి వెళ్ళిందా? మాత్రలేమైనా వాడుతోందా? నెలసరి ఎప్పుడు?"

శేషారత్నానికి ఆ పిల్ల గోత్రం తెలుసు, నక్షత్రం తెలుసు, మామగారికి ఎన్నెకరాలో కూడా తెలుసు. అడిగినవాటిలో ఒక్కటీ తెలియదు. రక్తంలో ఉప్పు నీళ్ళకి పలచబడిపోయి మెదడు వాచిందని, దానికి మందు ఎక్కించాలని, అదీ మెల్లగా, కనిపెట్టుకుంటూ ఎక్కించాలని చెప్పి డాక్టరమ్మ తలుపు వేసేసింది.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక గాని లోపలికి రానివ్వలేదు. కోటేశ్వరి కళ్ళు తెరిచింది. చాలాసేపు చూసింది.

"రత్నం పెద్దమ్మా," అంది.

శేషారత్నం ఆ చెయ్యి పట్టుకుని బావురుమంది.

"నిన్న పొద్దుటినుంచీ నాకు దాహమే లేదు పెద్దమ్మా," అంది పిల్ల, తప్పు ఒప్పుకుంటున్నట్టు, మెల్లగా.

బయట బల్ల మీద నాంచారమ్మగారు కూర్చుని ఉన్నారు. శేషారత్నం వచ్చి పక్కన కూలబడింది.

"ఒకళ్ళకి ఒకలాగా, ఇంకొకళ్ళకి ఇంకోలాగా ఎందుకని నిన్న అడిగాను. మీ జవాబు ఇంకా చెప్పనేలేదండీ," అంది, ఏదో ఒకటి అనాలి గనక.

నాంచారమ్మగారు ఆమెకేసి తిరగలేదు.

"ఆ ప్రశ్న నన్నెందుకు అడిగావు రత్నం? చెంబు నింపేటప్పుడు పిల్ల నీ పక్కనే కూర్చుంది."