రాకెట్ లేచేదాకా లేవని చెయ్యి

ఆపండర్రా ఆ నవ్వు! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే జాతి మనది. ముందు కథ వినండి. తర్వాత ఎవరి భుజం వాళ్ళు తడుముకుందురుగాని.

తాడివలస నూకరాజు ఇంట్లో అందరికీ ఒకటే గొప్ప. "లోకం చెప్పిన మాట వినదు. మేం చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అనేవాళ్ళు. ఆ గుణం చూసే నూకరాజును అంతరిక్షంలోకి పంపే శిక్షణకు తీసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక వాడికున్న కోరిక అదొక్కటే. వండిపెట్టడానికి పైడమ్మత్త, తోడుకు తమ్ముడు ఎరకయ్య వెంట వెళ్ళారు.

శిక్షణంటే మాటలా? బండరాయంత బరువు దుస్తులు తొడిగి, నీళ్ళ తొట్టిలో దించి, తలకిందులుగా మరలు బిగించమంటారు. ఆ దుస్తుల భుజం కట్టు ఇనుప కడియమే. చెయ్యెత్తితే ఒరుసుకుంటుంది. అంతే, నూకరాజు కుడి భుజం పట్టేసింది.

డాక్టరమ్మ అందరినీ నిలబెట్టి, "భుజం నొప్పి ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అంది. నూకరాజు ఎత్తబోయాడు. లేవలేదు. లేవలేదు కనక తనకు నొప్పి లేదని తేల్చుకున్నాడు. ఇంకేముంది, మళ్ళీ తొట్టిలోకి దించారు!

మర్నాడు తల దువ్వుకోలేక ఏడుస్తుంటే అత్త డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"నిన్ననే ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెయ్యెత్తమన్నారు కదమ్మా. అది లేస్తేగా!"

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "సరే, ఆ చెయ్యి తలకంటే పైకి పోనివ్వకు."

ఇంటికొచ్చారు. అటక మీద ఊరగాయ జాడీ దించాలి. ఎరకయ్యకు తెలివి పుట్టింది. అన్న కాళ్ళు అటక పైనున్న దూలానికి కట్టి తలకిందులుగా వేలాడదీశాడు.

"చూశావా అత్తా, చెయ్యి తలకంటే కిందే ఉంది!"

"మా నాయనే! ఎంత బుర్రరా నీది!"

నూకరాజు రెండు చేతులా జాడీ పట్టాడు. అంతే, ఎడమ భుజం కూడా కటుక్కుమంది. జాడీ ఎరకయ్య నెత్తిన పగిలింది.

ఈసారి డాక్టరమ్మ దండం పెట్టింది. "బాబూ, రాకెట్ లేచేదాకా ఏ చెయ్యీ ఎత్తకు. ఈలోగా నయమైతే నువ్వే వెళ్దువుగాని."

నూకరాజు ఎత్తలేదు. అత్త అన్నం తినిపించింది, తమ్ముడు ముక్కు గోకాడు. భుజాలు రెండూ శుభ్రంగా నయమయ్యాయి.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దాఫీసరు వచ్చి, "ఒక్క కుర్చీ ఉంది. సిద్ధంగా ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు. నూకరాజు చెయ్యి కదిలింది.

"అన్నా, ఎత్తకు! రాకెట్ ఇంకా లేవలేదు!" అని ఎరకయ్య అరిచాడు. అత్త పరుగున వచ్చి రెండు చేతులూ అదిమి పట్టుకుంది.

పక్కవాడు చెయ్యెత్తాడు. వాణ్ణే ఎక్కించారు. నేల అదిరింది, రాకెట్ లేచింది.

"ఇప్పుడెత్తరా నాయనా!" అంది అత్త.

నూకరాజు రెండు చేతులూ నిటారుగా ఎత్తాడు. ఇసుమంతైనా నొప్పి లేదు. ఆ చేతులు అలాగే ఊపుతూ, తన కుర్చీకి టాటా చెప్పాడు.