మాళప్ప పోసిన నట్టల మందు

రాయదుర్గం దగ్గరి ఒక పల్లెలో మాళప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. జాలిగుండె గలవాడే గానీ, ఎవరు ఏం చెప్పినా సగం వినేసరికే మిగతా సగం తనకు తెలుసనుకునేవాడు.

ఒకరోజు మందను తోలుకొస్తుంటే రోడ్డు పక్క తుమ్మకంపలో అతనికి ఒక గుర్రప్పిల్ల కనిపించింది. దానికి ఏడాది కూడా నిండలేదు. ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిచ్చేవాళ్ళెవరో పనికిరాదని వదిలేసి పోయారు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, పొట్ట మాత్రం కుండలా ఉబ్బి ఉంది. మాళప్ప దానికి నీళ్ళు పట్టి, మెల్లగా నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. నుదుటి మీద తెల్లమచ్చ చూసి అతని భార్య కరియమ్మ చుక్కి అని పేరు పెట్టింది. వారం తిరిగేసరికి చుక్కి ఆమె గొంతు వింటే చాలు చెవులు నిక్కించేది. ఆమె పొయ్యి దగ్గర ఉంటే వాకిట్లో నిలబడి తల లోపలికి పెట్టేది.

మాళప్ప పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. ఆవిడ లద్దె చూసింది, కనురెప్పలు విప్పి చూసింది.

"మాళప్పన్నా, దీని కడుపు నిండా నట్టలే. ఈ మందు ఇవాళ రెండు మూతలు మాత్రమే పట్టండి. పది రోజులకు నేనే వచ్చి, మళ్ళీ ఎంత పట్టాలో చెబుతాను. పురుగులన్నీ ఒకేసారి చస్తే..."

"తెలుసు లేమ్మా," అన్నాడు మాళప్ప. "ముప్పై ఏండ్ల నుంచి గొర్రెలకు నట్టల మందు పోస్తాండా. నాకు తెలీదా?"

"ఇది గొర్రె కాదన్నా. రెండు మూతలే," అని మళ్ళీ చెప్పి, ఆవిడ వెళ్ళిపోయింది.

వానాకాలానికి ముందు కాపర్లు మందనంతా దొడ్లో నిలిపి, ఒక్క పూటలో అన్నిటికీ నట్టల మందు పోస్తారు. బాగా చిక్కిపోయిన గొర్రెకు మాళప్ప ఒక గుక్క ఎక్కువే పోసేవాడు. చిక్కిందంటే పురుగులు ఎక్కువున్నట్టు, పురుగులు ఎక్కువుంటే మందూ ఎక్కువ కావాలి అనేవాడు. ఇన్నేళ్ళూ అదృష్టం కలిసొచ్చింది గనుక అదే వైద్యమనుకున్నాడు.

డాక్టరమ్మ ఇచ్చిన సీసా మూత అతను తీస్తుంటే కరియమ్మ చూసింది. "రెండు మూతలన్నది గదయ్యా ఆయమ్మ," అంది.

"ఇంకా పది దినాలు ఆ పురుగులు దీని నెత్తురు తాగాల్నా? ఒగేసారి పీడ పోనీ," అన్నాడు మాళప్ప.

డాక్టరమ్మ కన్నా నాలుగాకులు ఎక్కువ చదివినవాడిలా సీసా అంతా చుక్కి గొంతులో పోశాడు. పాపం, ప్రేమతోనే పోశాడు.

మరునాడు పొద్దున లద్దెలో జానెడు పొడుగు తెల్ల పురుగులు పడ్డాయి. మాళప్ప మీసం దువ్వుకున్నాడు. వీధిలో పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

"సూడండి. నెల దినాల పని ఒక్క పూటకే అయిపాయె," అన్నాడు.

వాళ్ళు ఇంకా అక్కడ ఉండగానే చుక్కి మెడ తిప్పి తన పొట్ట వైపు చూసుకుంది. ముందుకాలితో నేల గీరింది. ఒళ్ళంతా చెమట పట్టింది. అంతలో దబ్బున కింద పడి, కాళ్ళు తన్నుకుంటూ పొర్లసాగింది. గొర్రె అట్లా పొర్లడం మాళప్ప ఎన్నడూ చూడలేదు. చూడవచ్చినవాళ్ళు భయపడి వెనక్కి జరిగారు. చివరికి కరియమ్మే డాక్టరమ్మకు ఫోను చేసింది.

"ఎంత పోశారు?" అని అడిగింది డాక్టరమ్మ వస్తూనే.

మాళప్ప ఖాళీ సీసా చూపించాడు. ఆవిడ వెంటనే మందుల సంచి విప్పింది. తర్వాత సూదులు వేసింది, ముక్కులోంచి గొట్టం పంపింది, చెయ్యగలిగిందంతా చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? మధ్యాహ్నానికి చుక్కి కరియమ్మ ఒళ్ళో తల పెట్టి ప్రాణం విడిచింది.

మాళప్ప నమ్మలేకపోయాడు. "పురుగులు పడిపాయె గదమ్మా. అందరూ సూసిరి. మల్ల ఎందుకు సచ్చె?" అన్నాడు.

పూడ్చిపెట్టే ముందు డాక్టరమ్మ చుక్కి పొట్ట కోసి చూపించింది. పేగు ఒకచోట మోచేయంత లావున బిగిసి ఉంది. దాన్ని చీలిస్తే లోపలంతా చచ్చిన పురుగులే. పేనిన మోకులా ఒకదానికొకటి చుట్టుకుని, వేలు దూరే సందు లేకుండా ఇరుక్కుని ఉన్నాయి. బయటపడ్డవి గుప్పెడు, లోపల ఉండిపోయినవి గంపెడు. మాళప్ప అక్కడే కూలబడ్డాడు.

"మందు మంచిదే అన్నా," అంది డాక్టరమ్మ. "నట్టలు చావాల్సిందే. కానీ చచ్చినవి కొంచెం కొంచెంగా బయటికి పోవాలి. నిన్న నేను చెప్పబోయింది ఇదే. మీరు చెప్పనివ్వలేదు."

కరియమ్మ కళ్ళు తుడుచుకుని మొగుడి వైపు చూసింది.

"కంపలో ఇడిసిపోయినోళ్ళ చేతిలో గూడా అది బతికే ఉండె గదయ్యా," అంది.



మేలు చెయ్యాలన్న మనసు ఒక్కటే చాలదు. తెలిసినవాళ్ళ మాట చివరిదాకా విని, ఎదుటి ప్రాణం ఓర్చుకోగలిగినంతే చెయ్యాలి, లేకపోతే ఆ మేలే ప్రాణం తీస్తుంది.