పెద్దోడి మందు

అనగనగా, మందును కల్వంలో నూరి పొట్లం కట్టి ఇచ్చే రోజుల్లో, చందనవరం అని ఒక ఊరు. ఆ ఊరికంతటికీ పేరిశెట్టిదే మందుల అంగడి. వైద్యుడు మందు పేరు చెబుతాడు. వయసు చూసి తూచి ఇవ్వడం అంగడివాళ్ల పని. పెద్దల మోతాదు పసివాడి కడుపులో పడిందా, ఆ మందే విషం.

ఆ అంగడిలో పని నేర్చుకోవడానికి మంగతాయి చేరింది.

ఒకనాడు కుమ్మరి సింహాద్రి వచ్చాడు. "మా పెద్దోడికి జొరం శెట్టిగారూ. జొరం పొడి ఇప్పించండి."

పేరిశెట్టి పెద్ద మోతాదే తూచేశాడు. మంగతాయి ఉండబట్టలేక అడిగింది.

"పెద్దోడికి ఎన్నేళ్లు అన్నా?"

"దసరా ఎల్తే మూడు నిండుతాయమ్మా. ఆడి తరవాత చంటిదుంది."

శెట్టి మొహం మాడ్చుకుని పొడి తగ్గించాడు. కుమ్మరి వెళ్లాక విరుచుకుపడ్డాడు. "నేను తూచాక నోరెత్తుతావా? నలుగురిలో నా పరువేం కాను?" ఒక ప్రాణం నిలిచిందన్న మాట ఆయన నోట రాలేదు. బతికిన పిల్లల గురించి ఎవరూ చెప్పుకోరు మరి.

మరోనాడు ఒక ముసలమ్మ వచ్చి, "మా బుజ్జిగాడికి దగ్గు నాయనా" అంది. మంగతాయి మళ్లీ అడిగింది, "బుజ్జిగాడికి ఎన్నేళ్లు మామ్మా?" అంతలో ఆ బుజ్జిగాడే గుమ్మంలోకి వచ్చాడు. బుర్రమీసాలు, బానపొట్ట. అంగడంతా పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె పేరు 'ఎన్నేళ్లమ్మ' అయింది. వీధిలో కనబడితే చాలు, "ఎన్నేళ్లమ్మా, మా గేదెకి ఎన్నేళ్లో చెప్పు" అనేవారు. ఊరికి వేళాకోళం, ఆమెకు గుండెకోత.

ఇక మూడోసారి. సంతరోజు, కాలు పెట్టే సందు లేదు. సాలె పోలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "మా పెద్దోడికండీ. ఒళ్లు కాలిపోతంది, బేగి ఇవ్వండి."

శెట్టి పెద్ద మోతాదు తూచాడు. మంగతాయికి ప్రశ్న గొంతుదాకా వచ్చింది. వెనకనించి ఎవడో అందుకున్నాడు. "అడగవేం, ఎన్నేళ్లమ్మా?" అందరూ గొల్లుమన్నారు. మంగతాయి తల దించుకుంది. పొట్లం తన చేత్తోనే కట్టి ఇచ్చింది.

తెల్లారేసరికి పోలమ్మ అంగడి ముందు కూలబడి ఉంది. ఆమె పెద్దోడికి రెండేళ్లు. పాలకి కూడా లేవలేదు, ఇక లేవడు.

"పెద్దోడంటే పెద్దవాడనుకున్నాను. ఆవిడ సరిగ్గా చెప్పొద్దూ?" అన్నాడు శెట్టి. వాడి రాత అంతే అంది ఊరు. మంగతాయిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెను దహించింది.

పోలమ్మ ఒక్కతే తలెత్తి చూసింది. "నీకైనా అనుమానం రాలేదా తల్లీ?"

"వచ్చింది వదినా."

"మరి అడగలేదేం?"

"నవ్వుతారని."

పోలమ్మ లేచి, కొంగు దులుపుకుని, పాతిపెట్టాల్సిన బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది.

కాబట్టి పిల్లలూ, పసివాడి మందు చేతికొచ్చినప్పుడు ఊరంతా నవ్వినా సరే, అడగవలసిన మాట అడిగే తీరాలి.