పైడమ్మ రాయి

రాజవీధిలో కూలిజనం నడవకూడదన్న రోజుల్లో పైడమ్మ దెబ్బలు తింటూనే నడిచి, ఆ వీధిని అందరికీ తెరిపించింది. ఆమె పోయిన ఏడాదికి, వీధి మొదట్లో ఆమె పేరున రాయి నిలపాలని పల్లకీ మోసే నూకయ్య రాజసభలో మనవి చేశాడు.

సభాపెద్ద భూపాలయ్య మూతి విరిచాడు. "రాయెందుకు? ఆవిడని తలుచుకునేదెవరు?"

"పోనీ దొరా, రేపు ఆవిడ పోయిన రోజు. రాయికి బదులు, ఏటా ఆ ఒక్కరోజూ వీధిని పాతకాలంలాగే ఉంచండి. మేం తలుచుకుంటాం."

ఖర్చు లేని పని కదా, సభ సరేనంది.

మర్నాడు రాజవీధిలోని భూపాలయ్య ఇంటికి పల్లకీ పెరటి గుమ్మం వైపు వచ్చింది. ఆయన ఎక్కగానే బోయీలు కోటగోడ చుట్టూ తిరిగే డొంకదారి పట్టారు.

"ఒరే, సభ వీధి చివరే కదరా!"

"ఇవాళ ఆ వీధిలో మేం కాలు పెట్టకూడదు దొరా. తమరే ఒప్పుకున్నారు," అన్నాడు నూకయ్య.

దిగి నడిస్తే పరువు తక్కువ. ముళ్లకంపలు గీరుకుని, గేదెల మడుగులో తడిసి, ఆయన చేరేసరికి సభ ముగియబోతోంది.

రాజుగారు నవ్వాపుకుంటూ అడిగారు. "ఏమయ్యా, పైడమ్మని ఎవరైనా తలుచుకున్నారా?"

"నేనే ప్రభూ, దారి పొడుగునా! ఆ రాయికి ఇప్పుడే ఆమోదం ఇప్పించండి. నేను మళ్లీ ఇంటికి వెళ్లాలి!"