జీళ్ళ కొట్టులో వెలసిన చేదోడమ్మ

వెదుళ్ళరేవులో బస్సు దిగి చేదోడమ్మ గుడి ఎక్కడని అడిగితే చాలామంది తడుముకుంటారు. జీళ్ళ కొట్టు ఎక్కడని అడగండి, అడగనివాళ్ళు కూడా వచ్చి దారి చెబుతారు. కాలువ వంతెన దాటగానే ఎడమకు తిరిగితే, ఎదురెదురుగా రెండు సైకిళ్ళు వస్తే ఒకటి ఆగవలసినంత ఇరుకు సందు ఉంటుంది. అక్కడి నుంచి కాగుతున్న బెల్లం వాసనే మనిషిని నడిపిస్తుంది. పెంకుటింటి వసారాలో కొట్టు, కొట్టులో పొయ్యి, పొయ్యి పక్కన తల్లి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. పెద్ద పెద్ద క్షేత్రాలు చూసి వచ్చిన భక్తులు మొదట కాస్త చిన్నబోతారు. మొదటి జీడి నోట్లో పడ్డాక ఆ సంగతి మరిచిపోతారు.

జీడి అంటే జీడిపప్పు అనుకునేవారు ఈ మధ్య పుట్టినవారు. బెల్లాన్ని ముదురుపాకం పట్టి, వేడి తగ్గకముందే కొయ్యకు తగిలించి, లాగి, మడిచి, మళ్ళీ లాగి, నల్లటి పాకం తెల్లబడ్డాక నువ్వులు అద్ది ముక్కలు కోస్తే అది జీడి. ఈ కొట్టులో గాజు సీసాల నిండా జీళ్ళు, వాటి పక్కన బెల్లం గవ్వలు, కొబ్బరి లౌజు, నువ్వుల చిమ్మిలి ఉండలు ఉంటాయి. ఇంతకు మించి ఏమీ దొరకదు. రంగు మిఠాయి కావాలన్నవారికి మర్యాదగా బజారు దారి చూపిస్తారు. చిన్నతనం ఈ సందులో గడిపి, ఎక్కడెక్కడో స్థిరపడి, నెరిసిన తలలతో తిరిగివచ్చినవారు సీసా మూత తీసిన చప్పుడుకే కళ్ళు తుడుచుకోవడం ఇక్కడ రోజూ చూసేదే. పళ్ళు ఊడినవారూ కొంటారు. బుగ్గన పెట్టుకుని కరగనిస్తారు.

మిఠాయి కొట్టులో అమ్మవారు వెలయడం ఏమిటని అడిగేవారి కోసం పెద్దలు చెప్పిన కథ ఇది.

పూర్వం ఇక్కడ అచ్చియ్యమ్మ అనే ఇల్లాలు జీళ్ళు చేసి అమ్ముకునేది. ఊరి దేవత వెదుళ్ళమ్మకు ఆ రోజుల్లో గోదావరి గట్టున గుడి ఉండేది. ఏటా అమ్మవారి జాతర నాడు నైవేద్యం జీళ్ళు ఈ ఇంటి నుంచే వెళ్ళాలి. నైవేద్యానికి పట్టిన పాకానికి ఒక కట్టుబాటు ఉంది. కొయ్యకు ఎక్కిన పాకం తెల్లబడేదాకా చెయ్యి మారవచ్చు గాని చెయ్యి ఆగకూడదు. వదిలేస్తే పాకం తన బరువుకు తానే సాగి నేలను తాకుతుంది. నైవేద్యం పాకం నేలపాలైతే ఆ ఇంటి ఆడపడుచుకు కడుపు పండదని నమ్మకం. అత్తగారు అచ్చియ్యమ్మకు పాకం లాగడం నేర్పిన రోజునే ఈ మాటా చెప్పింది.

అచ్చియ్యమ్మకు ఒక్కతే కూతురు, మాణిక్యం. కాలువ అవతలి పేటలోనే ఇచ్చారు. తొలి కాన్పు పుట్టింట్లో జరిగింది. బిడ్డ దక్కలేదు. అందుకని రెండో కాన్పుకు అత్తవారు కోడలిని కదలనివ్వలేదు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు, అదే అచ్చియ్యమ్మను ఎక్కువ బాధపెట్టింది. తన చేతిలో ఏదో దోషం ఉందని లోలోపల కుమిలిపోయేది. ఈసారి బిడ్డ బతికితే చాలు, ఇంకేమీ అడగనని కనబడ్డ దేవుడికల్లా మొక్కేది.

ఆ ఏడు జాతర నాడు ఊరు ఊరంతా గోదావరి గట్టుకు చేరింది. అచ్చియ్యమ్మ పెనిమిటి అంగడి వేసుకోవడానికి తెల్లారకుండానే వెళ్ళిపోయాడు. సందులో పిల్లి కూడా లేదు. అచ్చియ్యమ్మ అరచేతులకు నువ్వులనూనె రాసుకుని, నైవేద్యం పాకం కొయ్యకు తగిలించి లాగడం మొదలుపెట్టిందో లేదో, వియ్యాలవారి పక్కింటి ఆవిడ వగర్చుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అచ్చియ్యమ్మ గారూ, మీ అమ్మాయికి నొప్పులొచ్చేసినయ్యండి. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. మిమ్మల్నే కలవరిత్తంది. నేను మంత్రసాని కోసం పోతన్నాను, మీరు బేగెల్లండి!" అని, జవాబు కోసం ఆగకుండా పరుగెత్తింది.

అచ్చియ్యమ్మ కాళ్ళు వెళ్ళమంటున్నాయి, చేతులు కదలనివ్వడం లేదు. పాకం వదిలితే నేలను తాకుతుంది. తాకితే కూతురి కడుపుకే చేటు. వదలకపోతే అక్కడ కూతురు ఒంటరిదైపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గట్టిగా ఏడుద్దామన్నా వినేవారు లేరు. ఏడుస్తూనే లాగింది, మడిచింది, మళ్ళీ లాగింది. మనిషన్నవాడు ఒక్కడైనా ఈ దారిన రాకపోతాడా అని సందు వైపే చూస్తోంది.

అప్పుడు ఒక ముసలావిడ కొట్టు ముందు ఆగింది. నేతచీర, నుదుట రూపాయి కాసంత బొట్టు. జాతరకు పోయే మనిషిలా లేదు, జాతర నుంచి తప్పించుకుని వచ్చిన మనిషిలా ఉంది. "ఓ ముక్క జీడి పెడతావేంటే?" అని అడిగి, అచ్చియ్యమ్మ మొహం చూసి ఆగిపోయింది. అచ్చియ్యమ్మ ఉన్న సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"ఓసి, దీనికేనా? ఇలా తే. నువ్వొచ్చేదాకా నే పట్టుకుంటాను."

"మీకు చేతనవునా, మామ్మగారూ? ఆపకూడదండి. నేలకి తగలకూడదండి."

"జారనివ్వను, ఆపను. మాటిచ్చానుగా, ఇంక పో."

అచ్చియ్యమ్మ పాకం ఆవిడ చేతికిచ్చి వంతెన వైపు పరుగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆవిడ పేరు అడగలేదు. ఆవిడది ఏ ఊరో తెలియదు. గుండెలో రాయి దించుకున్నట్టయింది, అంతే తెలుసు.

తల్లి గడప తొక్కేసరికి మాణిక్యం సగం స్పృహలో ఉంది. అచ్చియ్యమ్మ తలాపున కూర్చుని చెయ్యి అందించింది. ఆ పిల్ల ఆ చేతిని పట్టిన పట్టు ఆమెకు బతికినన్నాళ్ళూ గుర్తుంది. మంత్రసాని తన పని తాను చేసింది. పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిన పిల్ల కాసేపు ఏడవలేదు. మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందులు చేసి వీపు చరిచాక, ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. అంత కమ్మని ఏడుపు అచ్చియ్యమ్మ ఎన్నడూ వినలేదు. తానూ పసిదానిలా ఏడ్చి, నవ్వి, కూతురి నుదురు తుడిచింది. తన చేతిలో దోషం లేదు. ఆ మాట పైకి అనలేదు గాని, మనసులో పదే పదే అనుకుంది.

చెయ్యి తుడుచుకుంటుంటే అరచేతికి నూనె జిడ్డు తగిలింది. అప్పుడు గాని ఆమెకు గుర్తు రాలేదు. ముసలావిడకు పాకం ఇచ్చింది గాని నూనె ఇవ్వలేదు. నూనె లేని చేతులతో ఆ వేడి పాకాన్ని పట్టుకోవడం ఆరితేరినవారి వల్ల కూడా కాదు. పూట గడిచిపోయింది.

సరిగ్గా అప్పుడే వియ్యంకుడు పెద్దిరాజు ఇల్లు చేరాడు. జాతరలో గరగ ఎత్తుకునేది ఆయనే. గరగ అంటే అమ్మవారికి ప్రతిరూపంగా తలమీద పెట్టుకుని ఆడుతూ ఊరేగించే కలశం. కోడలి సంగతి తెలిసి దాన్ని వేరొకరికి అప్పగించి వచ్చాడు. మనవరాలిని చూసుకుని మురిసిపోయాక ఆశ్చర్యంగా ఒక మాటన్నాడు. "ఏంటో చెల్లెమ్మా, ఏటా మెడలు ఇరిగిపోయేంత బరువుండేది. ఇయ్యాల గరగలో బరువే లేదు. వట్టి కుండ మోసినట్టుంది."

అచ్చియ్యమ్మ తడబడుతూ కొట్టులో జరిగింది చెప్పింది. వింటున్నకొద్దీ పెద్దిరాజు ముఖం మారిపోయింది. ఊరంతా అమ్మవారి కోసం గోదావరి గట్టుకు వెళితే, అమ్మవారు జీళ్ళ సందుకు వచ్చిందన్నమాట.

ఆయన చేతులు జోడించాడు. "చెల్లెమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఇప్పుడు కొట్టుకి ఎల్లకు. నువ్వొచ్చేదాకా పట్టుకుంటానని మాటిచ్చింది. నువ్వు ఎల్లకపోతే ఆవిడ కదల్లేదు. పాకం ఆవిడ చేతిలో ఉన్నంతకాలం మన పిల్లలకి ఏ భయం ఉండదు. కనీసం పురుడు ఎల్లేదాకా ఆగమ్మా. ఒక బిడ్డని పోగొట్టుకున్నోళ్ళం."

ఆయన మాటలో చెడ్డ ఏమీ లేదు. మనవరాలి మీద ప్రేమ, భయం తప్ప మరొకటి లేదు. అదే భయం అచ్చియ్యమ్మకూ ఉంది. పసిగుడ్డు పెదవులు కదుపుతూ నిద్రపోతోంది. దేవత చేతిలో ఉన్న రక్షను తనంతట తాను వెళ్ళి తీసేసుకుంటే, రేపు జరగరానిది జరిగితే? ఆమె కూలబడిపోయింది.

లోపలి నుంచి మాణిక్యం గొంతు వినిపించింది. నీరసంగానే ఉంది గాని మాట స్పష్టంగా ఉంది.

"అమ్మా, మన పాకం వేడి నీకు తెలీదా? నువ్వెల్లు."

"నీకేవన్నా అయితేనో?"

"అమ్మోరైతే మాత్రం, చేతులు చేతులేగా? ఎల్లమ్మా."

అచ్చియ్యమ్మ లేచింది. వంతెన మీద ఒకసారి ఆగింది. వెనక్కి తిరిగింది కూడా. వెనక కూతురి ఇల్లు, ముందు తన కొట్టు. తన బిడ్డ కోసం ఇంకొకరి చేతులు కాలుతుంటే చూస్తూ ఊరుకోవడం తన వల్ల కాదని తేల్చుకుని, కళ్ళు తుడుచుకుని ముందుకే నడిచింది.

ముసలావిడ కొయ్య దగ్గర అలాగే నిలబడి ఉంది. లాగుతోంది, మడుస్తోంది, మళ్ళీ లాగుతోంది. నుదుటి బొట్టు చెమటకు కారిపోయింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. పాకం మల్లెపూవులా తెల్లబడింది. అంత తెల్లటి పాకం ఆ కొట్టులో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"వచ్చావా?" అంది ఆవిడ. ఆ గొంతులో అలసట ఉంది, దాన్ని మించిన ఆశ్చర్యం ఉంది.

"ఇలా ఇచ్చెయ్యి తల్లీ. నా పని నేను చేసుకుంటాను, నువ్వు కూసో. నూనె కూడా ఇవ్వకుండా పోయిన పాపిష్టిదాన్ని." అచ్చియ్యమ్మ పాకం అందుకుంది. అందుకున్నాక గాని లోపలి భయం బయటికి రాలేదు. "నా కూతురికి, మనవరాలికి ఏం కాదుగదా తల్లీ?"

అమ్మవారు నవ్వింది. "పిచ్చిదానా, నే పట్టుకుంది పాకాన్నే. నీ కూతుర్ని నువ్వెళ్ళి పట్టుకున్నావు. పాకం ఇచ్చేస్తే పిల్ల ఎక్కడికి పోతుందే? గంజి తాగి పడుకుంది, బిడ్డ రొమ్ము పట్టుకుంది."

అచ్చియ్యమ్మకు ప్రాణం లేచివచ్చింది. అమ్మవారు తన అరచేతులు చూసుకుంటూ మెల్లగా అంది. "నా చేతిలో పెట్టి పోయినోళ్ళు లెక్కలేనంతమంది. తీసుకోడానికి తిరిగొచ్చింది నువ్వొక్కతివే."

అని, పొయ్యి పక్కన గోడకు చేరగిలబడి, కాళ్ళు బార్లా చాపుకుని, "అమ్మయ్య" అంది.

అచ్చియ్యమ్మ చేతిలో పని ముగించి, నూనె గిన్నె తీసుకుని ఆ చేతులకు రాయబోయేసరికి అక్కడ మనిషి లేదు. కాళ్ళు చాపుకుని, అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, సగం కళ్ళు మూసిన రాతి మూర్తి ఉంది. అచ్చియ్యమ్మ ఆ రాతి చేతులకే నూనె రాసింది. రాస్తుంటే రాయి ఇంకా వెచ్చగా ఉందట.

మరునాడు ఊరి పెద్దలు ఆ మూర్తికి గుడి కట్టిస్తామని వచ్చారు. పగలు అన్నం తిని ఒక కునుకు తీసిన అచ్చియ్యమ్మకు కలలో అమ్మవారు కనిపించి, గుడి కడితే మళ్ళీ లేచి నిలబడవలసి వస్తుందని, కొట్టులోనే తనకు హాయిగా ఉందని చెప్పింది. పెద్దలు ఆ మాట మన్నించారు. అప్పటి నుంచి వెదుళ్ళమ్మకు చేదోడమ్మ అనే పేరు వచ్చింది. ఆనాడు పుట్టిన పిల్లే పెరిగి కొట్టు చూసుకుంది. నాటి నుంచి ఈ కొట్టు కూతుళ్ళకే సంక్రమిస్తోంది. మాణిక్యం సంతతిలో పాకం లాగుతూ ఏ పిల్లా భయపడలేదని చెబుతారు.

నేటికీ తెల్లవారగానే జరిగే మొదటి సేవ అమ్మ అరచేతులకు నువ్వులనూనె రాయడం. కాన్పుకు, ఆస్పత్రికి, పరీక్షకు, కోర్టుకు వెళ్ళవలసినవారు ముందుగా ఇక్కడికి వస్తారు. ఒక జీడి కొని అమ్మ చేతిలో పెట్టి, "నే వచ్చేదాకా పట్టుకో తల్లీ" అని చెప్పి తమ పనికి వెళతారు. ఫలితం ఏదైనా సరే, తిరిగివచ్చి ఆ జీడిని తీసుకోవాలి. తీసుకుని, "నా పని నేను చేసుకుంటాను, నువ్వు కూర్చో" అనాలి. రాలేనివారి తరఫున ఇంటివారు ఎవరైనా రావచ్చు. ఎవరూ రాని జీళ్ళను సాయంకాలం కొట్టు ఇల్లాలు తానే తీసుకుంటుంది. ఒకరి బరువు రాత్రంతా అమ్మ చేతిలో ఉండనివ్వకపోవడం ఈ ఇంటి ఆచారం.

మధ్యాహ్నం పొయ్యి చల్లారాక కొంతసేపు మొక్కులు తీసుకోరు. గంట కొట్టరు, కొబ్బరికాయ కొట్టరు. తలుపులు మాత్రం తెరిచే ఉంటాయి. ఆ వేళ వచ్చిన భక్తులు అమ్మను ఏమీ కోరవద్దని మనవి. దేవత ఎదుట కాళ్ళు చాపకూడదని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. ఇక్కడ ఆ నిషేధం లేదు. ఎంత దూరం నుంచి వచ్చారో, ఏమేమి మోసుకుని వచ్చారో అమ్మకు తెలుసు. ఆమె ఎదురుగా గోడకు చేరగిలబడి, మీరూ కాళ్ళు చాపుకుని కూర్చోండి.